పౌరుషం ఎవరి ఆస్తి?

కోవిల్పట్టి పక్కన ఒక పల్లెలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తం అయిపోయి రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. పందిట్లో కుర్చీలు దగ్గరికి లాక్కొని నలుగురు ముసలివాళ్ళు, వాళ్ళ చుట్టూ కోయంబత్తూరు నుంచి వచ్చిన పిల్లలు. ఎనభై దాటిన పెద్దాయన ఒకరు పిల్లలకు పూర్వీకుల కథ చెబుతున్నారు. తుంగభద్ర దాటి వచ్చాము, అడవి నరికాము, బావులు తవ్వాము, తెల్లవాడికి తల వంచలేదు. చివరికి మీసం మీద చెయ్యి వేసి, "మనం కట్టబొమ్మన జాతిరా అబ్బీ. ఈ కరిసల్ మన్ను అట్టాంటిది. ఈ మన్నులో పుట్టినోడికి రోషం దానంతట అదే వస్తుంది" అన్నారు.

తొమ్మిదో తరగతి చదివే మనవడు ఒకడు శ్రద్ధగా విని, తమిళంలో అడిగాడు: "అప్ప ఎట్టప్పన్ యారు, తాత్తా?"

తాత కొంచెం తడబడ్డారు. "వాండ్లు వేరేరా."

"ఎప్పడి వేరే?"

"వాండ్ల ఊరు వేరే."

అందరూ నవ్వారు. ఎవరో పాయసం తెచ్చారు, మాట మారిపోయింది. పిల్లవాడు మరిచిపోయే ఉంటాడు. నేను మాత్రం తిరుగు ప్రయాణంలో ఆ ప్రశ్ననే మోసుకొచ్చాను.

ఎందుకంటే ఆ ఊళ్ళు వేరే గానీ, మన్ను వేరే కాదు. పాంచాలంకురిచ్చి, ఎట్టయాపురం రెండూ ఒకే నల్లరేగడి మీద ఉన్నాయి. రెండు పాళెగార్ల ఇళ్ళూ రాజకంబళం నాయకర్లవే. రెండిళ్ళలోనూ మాట్లాడింది తెలుగే, కొలిచింది జక్కమ్మనే. కట్టబొమ్మన అన్న పేరు గెట్టిబొమ్ము అన్న తెలుగు మాట నుంచి వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఎట్టప్పన్ వంశం చంద్రగిరి వైపు నుంచి వచ్చిందని వాళ్ళ వంశ కథ చెబుతుంది. అంటే ఆయనా మన దారిన వచ్చినవాడే. ఒకరి పేరు వీరుడికి మారుపేరైంది, మరొకరి పేరు ద్రోహికి మారుపేరై తమిళంలో తిట్టుగా నిలిచిపోయింది. మన్నుకు రోషం ఉంటే, రెండో పంట ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ పందిట్లో కూర్చున్న మేమెవరమూ రాజకంబళం వాళ్ళం కాము. కమ్మవాళ్ళం. మామూలు రోజుల్లో "వాళ్ళు వేరు, మేము వేరు" అని పెళ్ళి సంబంధాల దగ్గర ఖచ్చితంగా గీత గీసేవాళ్ళం. కట్టబొమ్మన విషయానికి వచ్చేసరికి "మన తెలుగువాడు" అంటాం. ఎట్టప్పన్ దగ్గరికి వచ్చేసరికి గీత మళ్ళీ గీస్తాం. "మన" అన్న మాట రబ్బరులాంటిది. ఎంత కావాలంటే అంత సాగుతుంది, వద్దనుకుంటే ముడుచుకుంటుంది.

ఆ నేల గురించి తాత చెప్పింది అబద్ధమని నేను అనను. కోవిల్పట్టి, విళాత్తికుళం, ఎట్టయాపురం, సాత్తూరు: ఈ మధ్యలో నడిచినవాడికి తెలుస్తుంది. ఎండాకాలంలో కాలు దిగేంత పగుళ్ళు. వాన పడితే అదే మన్ను బంకలాగా పట్టుకొని చెప్పు లాగేసుకుంటుంది. ఐప్పసి, కార్తిక మాసాల వాన తప్పితే ఆ ఏడు తప్పినట్టే. ప్రత్తి, సజ్జ, జొన్న, మిరప, మినుము. కనుచూపు మేర ఒక్క పెద్ద చెట్టు లేదు, ఉన్నదల్లా సీమతుమ్మ. ఆ ఎండే అగ్గిపెట్టెల పరిశ్రమను తెచ్చింది. మందు ఆరాలంటే పొడిగాలి కావాలి గదా. అరవవాళ్ళు కరిసల్ అన్నదాన్ని మనవాళ్ళు రేగడి అన్నారు. వెనక వదిలి వచ్చిన మన్ను ముందర కనబడితే వలస వచ్చినవాడు అక్కడే బండి విప్పడం సహజమే. కోయంబత్తూరు వైపు వెళ్ళినవాళ్ళదీ సుఖమైన కథ కాదు. అక్కడ నీళ్ళు పాతాళంలో ఉంటాయి. రాతిని తొలిచి బావి తవ్వాలి, ఎద్దుల్ని కట్టి కపిల తోలాలి. 1930లలో పైకారా నుంచి కరెంటు వచ్చాక మోటారు పంపులు వచ్చాయి, అటు తరువాత ఆ కరెంటు చార్జీల కోసమే వైయంపాళయం నారాయణస్వామి నాయుడు వేలాది రైతులతో రోడ్ల మీదికి వచ్చారు. 1972లో ఎద్దుల బండ్లతో కోయంబత్తూరు వీధుల్ని కట్టిపడేసిన పోరాటాన్ని చూసినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. కాబట్టి కష్టమైన నేల మనిషిని మొండివాణ్ణి చేస్తుందంటే నాకు నమ్మబుద్ధే అవుతుంది.

కాని మొండితనం వేరు, ధర్మం వేరు. మొండివాడు ఏ పక్కనైనా నిలబడగలడు.

దీనికి దూరదేశపు సాక్ష్యం ఒకటి ఉంది. గ్రీసు దేశం దక్షిణాన సముద్రంలోకి మూడు వేళ్ళలాగా చాచుకున్న భూమి ఉంది. నడిమి వేలు పేరు మాని. వెన్నెముకలాగా తైగెటోస్ కొండలు, 2,400 మీటర్ల ఎత్తు నుంచి మొదలై సముద్రం దాకా దిగిపోతాయి. అంతా రాయి, ముల్లు, అక్కడక్కడ ఓలివ చెట్టు. నీళ్ళు లేవు. అక్కడివాళ్ళు రాతితో ఎత్తయిన బురుజుల్లాంటి ఇళ్ళు కట్టుకొని, ఒక ఇంటివాళ్ళు ఇంకొక ఇంటివాళ్ళతో తరాల తరబడి పగలు సాగించారు. మగపిల్లవాడు పుడితే "తుపాకి పుట్టింది" అనేవారట. మేము ప్రాచీన స్పార్టా వీరుల సంతతి అని చెప్పుకుంటారు. తుర్కీ సుల్తానులు గ్రీసంతా ఏలినా మానిలో మాత్రం పూర్తిగా కాలు మోపలేకపోయారు. చివరికి అక్కడి పెద్దకే బే అన్న బిరుదు ఇచ్చి, పేరుకు కప్పం కట్టించుకొని సరిపెట్టుకున్నారు. మన పాళెగాళ్ళకూ మదురై నాయకరాజులకూ, తరువాత ఆర్కాటు నవాబుకూ నడిచిన వ్యవహారం ఇంచుమించు ఇదే.

1821 మార్చిలో సుల్తాను మీద తిరుగుబాటు జెండా ఎత్తిన మొదటివాళ్ళలో మాని వాళ్ళున్నారు. ముందు నిలిచినవాడు పెట్రోబే మావ్రోమిఖాలిస్. ఇక్కడి దాకా వింటే మన తాత చెప్పిన కథే. కాని పదేళ్ళు తిరిగేసరికి, స్వతంత్ర గ్రీసుకు మొదటి పాలకుడైన కపోదిస్త్రియాస్ పెట్రోబేను చెరసాలలో పెట్టాడని, ఆ ఇంటివాళ్ళే ఇద్దరు, ఒకరు తమ్ముడు, ఒకరు కొడుకు, 1831లో నాఫ్ప్లియోలో చర్చి వాకిట్లో ఆ పాలకుణ్ణి చంపేశారు. ఒకే ఇల్లు. ఒకే రాతి నేల. స్వాతంత్ర్యం తెచ్చిన చెయ్యి, దాని మొదటి పాలకుణ్ణి నరికిన చెయ్యి, రెండూ ఒకే మొండితనానికి చేతులు. అక్కడ కూడా పెళ్ళిపందిట్లో మొదటి కథ చెప్పి రెండోది దాటవేసే తాతలు ఉండే ఉంటారు.

ఇక మన చరిత్రలోకి వస్తే, సినిమా మనకు నేర్పినంత సూటిగా అది లేదు. 1959లో వచ్చిన శివాజీ గణేశన్ చిత్రం చూసి పెరిగిన తరం మాది. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది. దాన్ని తప్పు పట్టను. కాని కట్టబొమ్మనను పట్టి ఇంగ్లీషువాళ్ళకు అప్పగించింది ఎట్టప్పన్ కాదు, పుదుక్కోట్టై తొండైమాన్. 1799 సెప్టెంబరులో కోట మీద దాడి జరిగింది. ఆయన తప్పించుకొని వెళ్ళి పుదుక్కోట్టై సీమలో దొరికిపోయాడు. అక్టోబరు 16న కయత్తారులో చింతచెట్టుకు ఉరి తీశారు. ఎట్టయాపురం కంపెనీ పక్షాన నిలిచింది, సహాయం చేసింది, యుద్ధం అయ్యాక పాంచాలంకురిచ్చి గ్రామాల్లో వాటా కూడా పుచ్చుకుంది. అందులో సందేహం లేదు. అయినా తిట్టు మొత్తం ఒక్క పేరుకే ఎందుకు దక్కింది? బయటివాడు చేస్తే రాజకీయం, ఇంటివాడు చేస్తే ద్రోహం అనేది లోకం తీరు.

అంతకు ముందు రెండు పాళెయాలకూ పొలిమేర తగవులు చాలాకాలంగా ఉన్నాయి. ఎట్టప్పన్ కంపెనీని తెల్లజాతి ప్రభుత్వంగా చూశాడా, లేక పక్క పాళెగాడి మీద వాడుకోదగిన ఇంకొక నవాబుగా చూశాడా? రెండోదే అయి ఉంటుందని నా ఊహ. ఇదే ఎట్టయాపురం పక్షాన 1750లలో యూసుఫ్ ఖాన్ సేనల్ని ఎదిరించి అళగుముత్తు కోన్ ప్రాణాలిచ్చాడని ఆ సీమలో చెప్పుకుంటారు. యాభై ఏళ్ళలో ఒకే ఇల్లు ఎదిరించిందీ, లొంగిందీ. మన్ను మారలేదు, రక్తం మారలేదు. మారింది నిర్ణయం.

కట్టబొమ్మన పక్కన నిలిచినవాళ్ళను చూసినా అంతే. వెళ్ళైయతేవన్ తెలుగువాడు కాదు. సుందరలింగం తెలుగువాడు కాదు, మన ఊళ్ళలో ఆయన కులాన్ని వాకిట్లోకి రానివ్వని రోజులవి. పాంచాలంకురిచ్చికి కూతవేటు దూరంలో ఒట్టపిడారంలో 1872లో పుట్టిన చిదంబరం పిళ్ళై, ఎట్టయాపురంలోనే 1882లో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి, ఇద్దరూ తమిళులు. ద్రోహానికి మారుపేరైన ఊళ్ళోనే భారతి పుట్టాడు! రోషం రేగడిలో ఉంటే అది తెలుగువాళ్ళ కాళ్ళకు మాత్రమే అంటుకుంటుందా?

ఇవన్నీ చెప్పి, పోనీ ముసలాయన ఏదో సరదాకు అన్నాడు, దానికింత విచారణ ఎందుకని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నన్ను ఆపింది వేరే సంగతి. "ఈ జాతి పుట్టుకతోనే ఇలాంటిది" అన్న మాటను మనమే కాదు, మనల్ని ఏలినవాళ్ళు కూడా అన్నారు. వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు, 1911 సవరణతో దాన్ని మద్రాసు రాజధానికి తెచ్చారు. పుట్టుకతోనే నేరస్థులని జాతులకు జాతులనే జాబితాల్లో రాసి పెట్టారు. తమిళనాడు ప్రభుత్వం ఇప్పుడు ప్రకటించిన విముక్త జాతుల జాబితా చూడండి. అనేక జిల్లాల పేర్లతో సహా తొట్టియ నాయకర్ల పేరు అందులో ఉంది. అంటే కట్టబొమ్మన సొంత జాతి. ఒక తెల్లదొర కాగితం మీద "వీళ్ళ రక్తంలోనే ఉంది" అని రాస్తే బిడ్డ పుట్టకముందే దొంగ అయ్యాడు. ఒక తాత పందిట్లో "మన రక్తంలోనే ఉంది" అంటే బిడ్డ ఏమీ చెయ్యకముందే వీరుడయ్యాడు. సిద్ధాంతం ఒకటే. మొదటిది మనకు గిట్టదు, రెండోది తీపి. తీపిదాన్ని ఒప్పుకున్నవాడికి చేదుదాన్ని కాదనే హక్కు ఎక్కడిది?

ఇక్కడ ఒక మిత్రుడితో నాకు వాదన జరిగింది. మదురైలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయనన్నాడు: "నువ్వు చెప్పేది పుస్తకాల్లో బాగుంటుంది. కాని మనం ఎంతమందిమి? మనకు బడి లేదు, పిల్లలకు లిపి రాదు. పూర్వులు వీరులన్న కథ ఒక్కటే మిగిలింది. అది కూడా లాగేస్తే ఇంకేం పట్టుకొని తెలుగువాళ్ళమంటారు?"

జవాబు చెప్పలేక ఊరుకున్నాను. ఆయన మాటలో బాధ నిజమైనది. నాలుగైదు వందల ఏళ్ళ కింద విశ్వనాథ నాయకుడి కాలంలో మదురై కోటకు డెబ్భై రెండు బురుజులు, ఒక్కొక్క బురుజు ఒక్కొక్క పాళెగాడి కాపలాలో ఉండేదని చెబుతారు. ఆ కోటగోడను 1840లలో కలెక్టరు బ్లాక్‌బర్న్ కూలగొట్టించాడు. ఆ చోట్లన్నీ ఇప్పుడు వీధులు. బురుజు పోయినవాడు కథను కాపలా కాస్తున్నాడంటే నవ్వగలమా?

అయినా, మాని వాళ్ళ కథలో ఇంకొక తోక ఉంది. 1675లో ఓయితిలో అన్న ఊరి నుంచి కొన్ని వందలమంది ఓడెక్కి, జెనోవా ప్రభుత్వం ఇచ్చిన భూమి కోసం కోర్సికా దీవికి వలసపోయారు. చుట్టూ ఉన్నవాళ్ళతో గొడవలు పడ్డారు, ఊరు పోగొట్టుకున్నారు, వందేళ్ళ తరువాత కార్జెస్ అన్న ఊరు కట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడ రెండు చర్చిలు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకటి గ్రీకు పద్ధతిది, ఒకటి లాటిన్ పద్ధతిది. వంశ గర్వం పోలేదు. స్పార్టా మాట మరిచిపోలేదు. పోయింది భాష. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడ గ్రీకు మాట్లాడే చివరి నోళ్ళు కూడా మూతబడ్డాయి. కథ బతికింది, మాట చచ్చింది. కాబట్టి వీరగాథ భాషకు కంచె అవుతుందన్న నా మిత్రుడి నమ్మకానికి అక్కడ ఆధారం దొరకదు.

ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు నాకు ఈ సందర్భంలో తరచు గుర్తొస్తారు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. 1976లో వచ్చిన గోపల్ల గ్రామం నవలలో మనవాళ్ళ వలస కథ రాశారు. దాని తరువాయికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో, తొంభై ఎనిమిదో ఏట పోయారు. ఆ నవలలో కత్తులు తిప్పే వీరుల కంటే, అడవిని కాల్చి పొలం చేసుకున్న ఇళ్ళే ఎక్కువ కనబడతాయి. భయపడి పారిపోయి వచ్చినవాళ్ళం అని సిగ్గు పడకుండా రాశారాయన. ఆ రాత తమిళంలో ఉండటం మనకు ఒక దెబ్బే. కాని ఆ నిజాయితీ మన పెళ్ళిపందిళ్ళలో తెలుగులో కూడా వినబడదు.

మన ఊళ్ళలో ఒక పాత లెక్క ఉంది. తండ్రి పొలం తీసుకున్నవాడు తండ్రి అప్పు కూడా తీసుకోవాలి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఆ తరువాత చేసిన తండ్రి అప్పుకు కొడుకన్న కారణంతో మాత్రమే కొడుకును బాధ్యుణ్ణి చెయ్యకూడదన్నారు. చట్టం చెప్పింది న్యాయమే. అయినా "పొలం నాది, అప్పు వాడిది" అన్నవాడి మొహం మనం ఇప్పటికీ అదోలా చూస్తాం. పూర్వుల పేరు విషయంలో నా లెక్క ఇదే. కట్టబొమ్మన చేసిన పని నేను చెయ్యలేదు, ఎట్టప్పన్ చేసిందీ నేను చెయ్యలేదు. ఇద్దరినీ వదిలేస్తే నాకు ఏ చిక్కూ లేదు, కాని నేను అనాథనవుతాను. ఇద్దరినీ తీసుకుంటే బరువు. ఒకణ్ణి తీసుకొని ఒకణ్ణి వదిలేయడం మాత్రం దొంగలెక్క. పాళెగాడు కావలి పేరుతో ప్రతి ఊరి నుంచీ వసూలు చేసిన పన్ను, చెల్లించలేని రైతు ఏడుపు, అవి కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి. వాటిని ఏ సినిమాలోనూ చూపించలేదు.

ఎట్టప్పన్‌ను తీసుకుంటే వచ్చేది అవమానం ఒక్కటే అనుకున్నవాళ్ళకు ఇంకొక సంగతి చెప్పాలి. ముత్తుస్వామి దీక్షితులకు చివరి రోజుల్లో నీడ ఇచ్చింది ఎట్టయాపురం. 1835లో ఆయన పోయింది అక్కడే. ఆ వంశంలోని సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయాపురం సంస్థానం అచ్చుకూటంలోనే అచ్చయింది. అది ఏ భాషలో ఉందనుకున్నారు? తెలుగులో. తెలుగు లిపిలో. కర్ణాటక సంగీతానికి అంత పెద్ద లక్షణ గ్రంథం, ఆ నల్లరేగడి మధ్యలో, ఆ "ద్రోహి" ఇంటి ఖర్చుతో మన భాషలో వచ్చింది. తరువాత మద్రాసు సంగీత అకాడమీ దాన్ని తమిళ లిపిలోకి మార్చి వెయ్యాల్సి వచ్చింది. పాంచాలంకురిచ్చి కోటను తెల్లవాళ్ళు నేలమట్టం చేసి దున్నించారు. అక్కడ 1974లో ప్రభుత్వం కట్టించిన స్మారకం ఉంది, చూడదగింది. ఎట్టయాపురంలో దీక్షితుల సమాధి ఉంది. రెండింటికీ ఒకే రోజు వెళ్ళిరావచ్చు. కాని బస్సు మాట్లాడుకొని వెళ్ళే మన సంఘాలవాళ్ళు మొదటి దాని దగ్గర ఫోటో తీయించుకొని, రెండో ఊరి మీదుగా వెళ్తూ కిటికీలోంచి చూసి ఊరుకుంటారు.

మొన్న సంక్రాంతికి ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. నేనే మాట తీశాను, వాడికి జ్ఞాపకం ఉంది. "ఎట్టప్పన్ కూడా మనవాడే నాయనా" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. స్కూల్లో ఎవరితోనైనా పందెం కాశాడో ఏమో. కాసేపాగి, ఈసారి తెలుగులోనే, ముక్కలు ముక్కలుగా అడిగాడు: "అట్లయితే తాతకు తెలుసునా?"

"తెలుసు" అన్నాను.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

ఆ పుస్తకం పాత ప్రతి నా దగ్గర ఒకటి ఉంది, కాగితం పొడి రాలుతోంది. దాన్ని తీసి మొదటి పుట చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి "ఎ... ట్ట..." దాకా కూడబలుక్కొని ఆగిపోయాడు. తరువాతి అక్షరం ఏమిటని అడిగాడు.